ఎగరని డాల్ఫిన్ కోసం చిలికాకి ఎప్పుడు, ఎలా వెళ్ళాలి

మాది ఒడిశాలోని బరంపురం. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా చిలికా సరస్సుకి తీసుకెళ్ళే డ్యూటీ నా మీదే పడుతుంది. డాల్ఫిన్ చూడాలని హుషారుగా బయల్దేరినవాళ్ళలో సగంమంది తిరుగుదారిలో మొహాలు వేలాడేసుకుంటారు. మా బావ సంగతి మరీను. చిలికా ఒడ్డునున్న సాతపడా దగ్గర మా పడవకి నాలుగు బారల అవతల అది లేచింది. "బావా, అదిగో" అన్నాను. "ఏదీ? ఆ దుంగా?" అన్నాడు. ఆ దుంగే డాల్ఫిన్ అని చెప్పేలోపు మునిగిపోయింది. టీవీలో లాగా గాల్లోకి లేచి గిరికీ కొడుతుందని ఆయన ఎదురుచూస్తున్నాడు పాపం.

అందుకే తేదీ, టికెట్టు, పడవ అన్నీ తర్వాత చూద్దాం.

ముందు జంతువు ఏదో తెలుసుకోండి

చిలికాలో ఉండేది ఇరావదీ డాల్ఫిన్. దీనికి ముక్కు లేదు. అంటే మిగతా డాల్ఫిన్లకి ఉన్నట్టు పొడుగ్గా ముందుకొచ్చిన మూతి ఉండదు. తల గుమ్మడికాయలా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఒళ్ళు పలక రంగు, పొట్ట వైపు కాస్త లేత. వీపు మీది రెక్క చాలా చిన్నది, కొస మొండిగా ఉంటుంది, అదీ నడుము దాటాక తోక వైపు జరిగి ఉంటుంది. పెద్ద జంతువు రెండు మీటర్ల నుంచి రెండుంముప్పావు మీటర్ల దాకా పెరుగుతుంది. నీటి మీద మనకి కనబడేది మాత్రం అందులో పావు వంతే. తల పైభాగం, వీపు, చివర్లో ఆ మొండి రెక్క వరసగా తేలి మునిగిపోతాయి. అంతా రెండు సెకన్ల పని. ఎగరడం ఎప్పుడో తప్ప ఉండదు. లేచినా సగం ఒళ్ళు బయటపెట్టి పక్కకి పడిపోతుంది. ఒక్కోసారి తల పైకెత్తి నోట్లోంచి నీళ్ళు చిమ్ముతుంది. అది చూడగలిగితే మీ అదృష్టం.

పేరులో బర్మా నది ఉంది కానీ, శాస్త్రానికి ఇది మొదట తెలిసింది మన తీరం నుంచే. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన జంతువు ఆధారంగా లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1866లో దీన్ని వర్ణించాడు. ఆ నమూనాను పంపినవాడు వాల్టర్ ఇలియట్, అప్పట్లో ఉత్తర సర్కారుల కమిషనర్. అమరావతి శిల్పాలను తవ్వించి మద్రాసుకి తరలించినవాడూ ఆయనే. బ్రిటిష్ మ్యూజియంలో వాటిని ఇలియట్ మార్బుల్స్ అని చాలాకాలం పిలిచారు. ఇరావదీ బదులు దీనికి విశాఖ డాల్ఫిన్ అని పేరు పెట్టి ఉంటే ఈపాటికి మన బడి పిల్లలందరికీ తెలిసి ఉండేదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఒక గందరగోళం కూడా తీర్చుకోండి. 2009లో మన జాతీయ జలచరంగా ప్రకటించింది గంగా డాల్ఫిన్‌ని. అది గంగ, బ్రహ్మపుత్ర నదుల జంతువు. సన్నని పొడుగు మూతి, దాదాపు చూపు లేని కళ్ళు దాని గుర్తులు. చిలికాలో అది ఉండదు. బోర్డు మీద బొమ్మ చూసి అదే అనుకుని వచ్చినవాళ్ళని నేను చూశాను.

సముద్రం వైపు నిలబడితే వేరే జాతులు కనబడవచ్చు. వాటిలో అంతగా పేరు వినబడనిది మూపురం డాల్ఫిన్. వీపు మధ్యలో ఒంగోలు గిత్తకి ఉన్నట్టు ఒక మూపు, దాని మీద చిన్న రెక్క. నీటి పైకి వచ్చేటప్పుడు ముందు పొడుగు మూతి ఏటవాలుగా బయటపెడుతుంది, తర్వాత వీపు బాగా వంచి మునుగుతుంది. పాతిక మీటర్ల లోపు లోతు నీళ్ళలోనే, ఒడ్డు వెంట, నదులు కలిసేచోట తిరుగుతుంది. దక్షిణాఫ్రికా నుంచి మన దేశం దాకా ఉన్నదాన్ని 2014లో విడి జాతిగా గుర్తించారు. బంగాళాఖాతం వైపు తిరిగేది ఆ జాతా, దాని తూర్పు దాయాదా అన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. అసలు రెక్కే లేకుండా నల్లగా, పొట్టిగా ఏదైనా తేలితే అది డాల్ఫిన్‌కి చుట్టమైన రెక్కలేని పార్పాయిస్. పొడవాటి రెక్క కొడవలిలా వంగి ఉండి, బాగా ఎగురుతూ ఉంటే బాటిల్‌నోస్ డాల్ఫిన్ అనుకోవచ్చు. ఇరావదీదీ, మూపురందీ రెండూ ప్రపంచ అంతరించే జాతుల జాబితాలో "ప్రమాదంలో ఉన్నవి" అనే గడిలోకి 2017లో చేరాయి.

ఎక్కడ వెతకాలి

చిలికా చిన్న చెరువు కాదు. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటుతుంది. ఇందులో ఇటీవలి గణనల్లో తేలిన ఇరావదీలు నూట యాభైకి అటూ ఇటూ. కాబట్టి ఎక్కడంటే అక్కడ పడవెక్కితే కనబడవు.

నమ్మకంగా వెళ్ళాల్సిన చోటు సాతపడా. అక్కడినుంచి సముద్రం వైపు పోయే పొడవాటి కాలువ లాంటి భాగాన్ని ఔటర్ చానల్ అంటారు. దాని లోపలి కొస దగ్గర మగరముఖ్ ఉంది. ఈ రెండు చోట్లా ఏడాది పొడుగునా డాల్ఫిన్లు ఉంటాయి. కారణం చేపలు. సముద్రంలోంచి చిలికాలోకి, చిలికాలోంచి సముద్రంలోకి కొయ్యింగలు, రొయ్యలు తిరిగే దారి ఇదే. కొయ్యింగనే ఇక్కడ ఒడియావాళ్ళు ఖైంగా అంటారు, చిలికా ఖైంగా అంటే పెళ్ళి విందుల్లో కూడా గొప్ప. ఇసుక మేటలతో పాత ముఖద్వారం పూడుకుపోయి చిలికా ఉప్పదనం తగ్గిపోతే, 2000 సెప్టెంబరులో సాతపడా దగ్గర సిపాకుద వద్ద ఇసుక తిన్నె తవ్వి కొత్త ముఖం తెరిచారు. ఉప్పు, చేప రెండూ తిరిగొచ్చాయి. 2002లో చిలికాని ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ తడినేలల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలల, జాబితాలోంచి తీసేశారు.

చిలికా దక్షిణపు ఒడ్డునున్న రంభ మనకి దగ్గర. బరంపురం నుంచి రైల్లో గంట కూడా పట్టదు. ఇక్కడ డాల్ఫిన్ కనబడితే బోనస్. రొయ్యల కోసం కట్టిన ఘేరీలు, అంటే వెదురు, వలలతో కట్టిన దడులు, తీసేసిన తర్వాత ఈ దక్షిణపు వైపు కూడా అవి అప్పుడప్పుడు కనబడ్డాయి. అయినా డాల్ఫిన్ కోసమే రంభ వెళ్ళకండి. కొండలు, పక్షుల కోసం వెళ్ళండి.

సముద్రం ఒడ్డున అయితే గోపాలపూర్, రుషికుల్య ముఖం, ఇచ్ఛాపురానికి దగ్గర్లో బాహుదా నది కలిసే సోనాపురం. ఇక్కడ పడవ అక్కర్లేదు. ఎత్తైన ఇసుక దిబ్బ, ఓపిక, వీలైతే ఒక బైనాక్యులర్ చాలు. నది నీరు మట్టి రంగులో, సముద్రం నీరు పచ్చగా ఉండి మధ్యలో గీత గీసినట్టు కనబడుతుంది చూడండి, ఆ గీత వెంట చూపు పోనివ్వండి. చేపలు అక్కడే గుమిగూడతాయి, పక్షులు కూడా. ఒక చోట సముద్రపు కాకులు నీళ్ళలోకి పదే పదే దూకుతుంటే, వాటి కింద ఎవరో చేపల్ని పైకి తరుముతున్నారని అర్థం. నూటికి తొంభైసార్లు అది పెద్ద చేపే. మిగతా పదిసార్ల కోసమే మనం నిలబడేది.

ఎప్పుడు

నెల సంగతి ముందు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. గాలి తక్కువ, నీరు నున్నగా ఉంటుంది, పైగా వలస పక్షులు చిలికాలోని నలబణా దీవి చుట్టూ దిగి ఉంటాయి. డాల్ఫిన్లు శీతాకాలంలోనే వస్తాయని కొందరు చెబుతారు, అది తప్పు. అవి వలసపోవు, ఎప్పుడూ ఉంటాయి. శీతాకాలంలో మనకి కనబడతాయి, అంతే తేడా. మార్చి నుంచి దక్షిణపు గాలి పెరిగి, పది దాటితే నీటి మీద తెల్లని నురగ తలలు లేస్తాయి. ఆ నురగలో బూడిద రంగు వీపు ఎక్కడ పట్టుకుంటారు? జూన్ నుంచి సెప్టెంబరు వానలు. అక్టోబరులో ఆకాశం శుభ్రంగా ఉన్నా ఆ నెల మీద నాకు నమ్మకం లేదు. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు. శ్రీకాకుళం, గంజాం వాళ్ళకి అక్టోబరు గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదనుకోండి.

గంట: తెల్లవారి ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర. ఎండ మీ వీపు మీద పడేలా కూర్చోవాలి. ఎదురు ఎండలో నీరంతా అద్దమైపోతుంది.

మూడోది చాలామంది పట్టించుకోనిది, పోటు పాటు, అంటే సముద్రం నీరు ఎక్కడం, దిగడం. సముద్రంలో రోజుకి రెండు పోట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందువల్ల ఈ రోజు ఏడింటికి పోటు నిండితే, రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా నిండుతుంది. అమావాస్య, పున్నమి దగ్గర పోటు జోరుగా ఉంటుంది, అష్టమి నాటికి నీరసపడుతుంది. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ పోటు సమయాలు, సముద్రం స్థితి ముందుగానే వెబ్‌సైట్‌లో ఇస్తుంది. అందులో గోపాలపూర్‌కో పూరీకో సమయం చూసుకోండి. సాతపడా లోపలికి నీరు చేరడానికి ఇంకాస్త సమయం పడుతుందని గుర్తుంచుకోండి. పోటు ఎక్కుతున్న మొదటి రెండు గంటలు పొద్దున పూట పడే రోజు నేను ఎంచుకుంటాను. నీటితోపాటు చేప లోపలికి వస్తుంది, చేప వెనక ఇది. ఉత్తచేతులతో తిరిగొచ్చిన నా ప్రయాణాల్లో ఎక్కువ భాగం పాటు అడుగంటిన మధ్యాహ్నాలే.

దారి

మన వైపు నుంచి రెండు దారులు. రైల్లో పూరీ వెళ్ళి, అక్కడినుంచి యాభై కిలోమీటర్లు రోడ్డు మీద సాతపడా చేరడం ఒకటి. గుడి దర్శనం కూడా ఉంటే ఇదే తేలిక. రెండోది నాకు ఇష్టమైనది. ఛత్రపురం, గంజాం మీదుగా హుమ ఉప్పు మళ్ళు దాటి, పాలూరు, మాలుద్ గుండా జాహ్నికుద దాకా బండి మీద పోవడం. ఒక పక్క చిలికా, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇసుక నేల, జీడితోటలు. జాహ్నికుదలో బండితో సహా ఫెర్రీ ఎక్కితే అవతల గట్టు సాతపడాయే. డాల్ఫిన్లు తిరిగే నీళ్ళ పక్కగానే ఆ ఫెర్రీ పోతుంది కనుక రేలింగ్ దగ్గర నిలబడండి, సెల్‌ఫోన్ జేబులో పెట్టేయండి. ఫెర్రీ సమయాలు మారుతుంటాయి, ముందురోజే కనుక్కోవాలి. తెల్లవారుజామున పడవెక్కాలంటే రాత్రి అక్కడే ఉండాలి. ఒడిశా టూరిజం వాళ్ళ బస సాతపడాలో ఉంది, రంభలోనూ ఉంది.

పడవ మాట్లాడుకోవడం

అసలు గొడవంతా ఇక్కడే. ఒకసారి మా పడవ, ఇంకో నాలుగు పడవలు కలిసి తల్లినీ పిల్లనీ నాలుగు వైపుల నుంచి చుట్టుముట్టాయి. ఇంజిన్లన్నీ నడుస్తూనే ఉన్నాయి. ఒకతను కర్రతో పడవ అంచుని దబదబ బాదాడు, శబ్దానికి పైకి వస్తుందని. అది రాలేదు. పిల్ల ఎటు పోయిందో కూడా తెలియలేదు. మేము డబ్బులిచ్చి ఆ పని చేయించామన్న ఫీలింగ్ ఇంటికొచ్చాక కూడా పోలేదు. ఇంజిన్ రెక్కలు తగలడం, వలల్లో చిక్కుకోవడం, ఈ రెండూ చిలికా డాల్ఫిన్లకి ప్రాణాంతకం. పైగా ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు, దీన్ని వేధించడం నేరం.

పడవవాళ్ళది చెడ్డ మనసు కాదు. "దగ్గరగా చూపించు, లేకపోతే డబ్బులు ఇవ్వం" అనేది మనమే. అందుకని గట్టు మీదే, డబ్బులు ఇవ్వకముందే మాట్లాడుకోండి. కనబడకపోయినా పూర్తి డబ్బులు ఇస్తామని ముందే చెప్పేస్తే సగం టెన్షన్ ఆయనకి తగ్గుతుంది, తరమాల్సిన అవసరం ఉండదు. ఒడియా రాకపోయినా మూడు మాటలు నేర్చుకోండి. "ధీరే చలాంతు" అంటే మెల్లగా నడపండి. "ఇంజిన్ బంద కరంతు" అంటే ఇంజిన్ ఆపండి. "పాఖకు జాఆంతు నాహిఁ" అంటే దగ్గరికి వెళ్ళొద్దు. మూడోది చెప్పినప్పుడు చాలామంది పడవవాళ్ళు ఆశ్చర్యంగా చూస్తారు, తర్వాత నవ్వుతారు.

గుంపుగా పది పడవలు పోయే వైపు కాకుండా వేరే వైపు పొమ్మనండి. లైఫ్ జాకెట్ ఇస్తే వేసుకోండి, ఇవ్వకపోతే అడగండి, లేదంటే వేరే పడవ చూసుకోండి. దాంట్లో మొహమాటం వద్దు.

సముద్రంలోకి చేపల పడవ మాట్లాడుకుని పోదామనుకునేవాళ్ళకి ఒక మాట. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య ముఖం చుట్టూ తాబేళ్ళ కోసం వేట నిషేధం ఉంటుంది. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకి పోకూడదు. మీ సరదా కోసం జాలరి కుటుంబాన్ని ఫారెస్టు వాళ్ళ దగ్గర ఇరికించకండి. గట్టు మీదినుంచే చూడండి.

నీటి మీద ఏం చేయాలి

గోపాలపూర్‌లో మన తెలుగు జాలరి ఒకాయన, పెద్దవయసు తండేలు, నాకు ఒక ముక్క చెప్పాడు: "సూడ్డం కాదు బాబూ, ఇనాల." నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నదంతా ఆ ముక్కలో ఉంది. ఇంజిన్ ఆపించి, పిల్లలకి తినడానికి ఏదో చేతిలో పెట్టి, అందరూ మాటలు ఆపండి. కాసేపటికి కుక్కర్ విజిల్ పూర్తిగా రాకముందు ఆవిరి తన్నుకొచ్చినట్టు "ప్ఫూ" అని ఒక చప్పుడు వస్తుంది. అదే దాని ఊపిరి. చప్పుడు వచ్చిన వైపు తిరిగేసరికి అది మునిగిపోయి ఉంటుంది, పర్వాలేదు. అప్పుడు వాచీ చూసుకోండి. మామూలుగా అర నిమిషం నుంచి రెండు మూడు నిమిషాల్లో మళ్ళీ లేస్తుంది. మొదట లేచినచోటే కళ్ళు పెట్టకండి, అది వెళుతున్న వైపు కాస్త ముందుకి చూడండి. రెండు మూడుసార్లు లేస్తే దాని లయ మీకు పట్టుబడుతుంది, ఆ తర్వాత ముందే వేలు చూపించగలుగుతారు.

ఒకటే ఉందనుకోకండి. మామూలుగా రెండు నుంచి ఆరు దాకా కలిసి తిరుగుతాయి. పెద్ద వీపుని అంటుకుని చిన్న వీపు లేస్తే అది పిల్ల, పుట్టినప్పుడే మీటరు పొడుగు ఉంటుంది. అలాంటప్పుడు ఉన్నచోటే ఉండిపోండి. యాభై మీటర్ల దూరం అనుకుంటే పెద్దగా తప్పు పోరు. అది తనంతట తాను దగ్గరికి వస్తే రానివ్వండి. మీరు మాత్రం కదలొద్దు. పోలరైజ్డ్ కళ్ళద్దాలు ఉంటే నీటి మెరుపు తగ్గి పని సులువవుతుంది. ఫోన్‌తో ఫొటో కోసం ప్రయత్నిస్తే ఫొటోలో నీళ్ళు మాత్రమే మిగులుతాయి, నా దగ్గర అలాంటివి నూట ఇరవై దాకా ఉన్నాయి.

వల స్తంభాల వెంట కూడా చూడండి. డాల్ఫిన్లు కొయ్యింగల్ని తమ వలల వైపు తోలుతాయని చిలికా జాలర్లు చాలాకాలంగా చెబుతారు. ఖండ అనే పెట్టె వలలు వరసగా కట్టిన చోట ఉదయం పూట అవి తిరగడం నేనూ చూశాను.

చిన్న నోటుబుక్కులో రాసుకోండి. తేదీ, గంట, పోటా పాటా, గాలి, చోటు, ఎన్ని కనబడ్డాయి, పిల్లలు ఎన్ని. కనబడని రోజు కూడా రాయాలి, అదే ఎక్కువ ఉపయోగం. నాలుగేళ్ళు రాస్తే మీ సొంత క్యాలెండర్ తయారవుతుంది, నా పొద్దున పోటు లెక్క అలా వచ్చిందే.

ఒడ్డున పడ్డది కనబడితే

గోపాలపూర్ నుంచి సోనాపురం దాకా ఇసుకలో నడిచేవాళ్ళకి ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. బతికి ఉంటే తోక పట్టి, రెక్క పట్టి లాగకండి, కీళ్ళు ఊడిపోతాయి. పొట్ట మీద నిలబడేలా ఉంచి, తడి గుడ్డ కప్పండి. నడినెత్తి మీద ఊపిరి పీల్చే రంధ్రం ఉంటుంది, దాని మీద గుడ్డ గానీ నీళ్ళు గానీ పడకూడదు. ఎండ తగలకుండా చీరో దుప్పటో పట్టుకుని నీడ చేయండి. జనాన్ని దూరం జరపండి, కుక్కల్ని కూడా. ఫారెస్టు ఆఫీసుకి వెంటనే చెప్పండి, నంబరు దొరక్కపోతే 112కి ఫోన్ చేస్తే వాళ్ళు కలుపుతారు.

చచ్చి ఉంటే ముట్టుకోవద్దు. వీపు వైపు నుంచి, తల వైపు నుంచి, పక్క నుంచి మూడు ఫొటోలు తీయండి. కొలత తెలియడానికి పక్కన మీ చెప్పు పెట్టండి. మూతి ఉందా లేదా, రెక్క ఎక్కడ ఉంది, వల తాడు గుర్తులు ఉన్నాయా చూసి చెబితే జాతి ఏదో, ఎలా చచ్చిందో తేల్చడానికి పశువుల డాక్టరుకి పనికొస్తుంది. నూనె మందుకి పనికొస్తుందని ఎవరైనా కత్తితో వస్తే, చట్టం సంగతి చెప్పి ఫారెస్టు వాళ్ళు వచ్చేదాకా అక్కడే నిలబడండి.